అలీ సినిమా రెండో సగం: జనం మారారా, అవసరం పడిందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
పోయిన ఆదివారం మా మేడ మీద నలుగురం కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఓ పాత జర్మన్ సినిమా చూశాం. 1974లో ఫాస్‌బిండర్ తీసిన 'అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్'. సినిమా గంటన్నరే, దాని మీద గొడవ మాత్రం రాత్రి పన్నెండింటి దాకా సాగింది. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

చూడనివాళ్ల కోసం కథ. మ్యూనిక్‌లో ఎమ్మీ అని అరవై ఏళ్ల వితంతువు, తుడిచి కడిగే పని ఆమెది. వాన పడుతోందని ఓ బార్‌లోకి వెళ్తుంది. అక్కడ మొరాకో నుంచి వచ్చిన మెకానిక్ అలీ పరిచయమవుతాడు. ఆమెకంటే బాగా చిన్నవాడు. పెళ్లి చేసుకుంటారు. ఇక చూడండి, ఇరుగుపొరుగు మొహం తిప్పేసుకుంటారు. కిరాణా కొట్టాయన అలీ మాట అర్థం కానట్టు నటించి సరుకు ఇవ్వడు. కొడుకు టీవీని కాలితో తన్ని పగలగొడతాడు. తట్టుకోలేక ఇద్దరూ కొన్నాళ్లు ఊరొదిలి వెళ్తారు. తిరిగొచ్చేసరికి అందరి నోటా తేనె. ఎందుకంటే పక్కింటామెకి సామాన్లు పెట్టుకోడానికి ఎమ్మీ నేలమాళిగలో చోటు కావాలి, కొడుక్కి పిల్లని చూసుకునే మనిషి కావాలి, కొట్టాయనకి పోయిన బేరం కావాలి.

ఇది మార్పేనా? నేను కాదంటాను.

కంటోన్మెంట్ కుర్రాడు (విజయనగరం):
అన్నా, మార్పు ఇంకెలా వస్తుందనుకున్నారు? బోధివృక్షం కింద కూర్చుంటేనా? మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతుంటే ఒడిశా నుంచి తాపీమేస్త్రీలు వచ్చారు. "వాళ్లకిస్తే ఇల్లు పాడైపోద్ది" అన్న పెద్దాయనే, ఆర్నెల్లు గది ఖాళీగా ఉండేసరికి పిలిచి మరీ అద్దెకిచ్చాడు. ఇప్పుడు మేస్త్రీ కూతురు, ఆయన మనవరాలు కలిసే ఆడుకుంటున్నారు. ఆయన మనసులో ఏముందో మనకెందుకు? అది మారేదాకా ఆగుంటే ఆ కుటుంబం ఇప్పటికీ రేకుల షెడ్డులోనే ఉండేది.

రంగూన్ మనవరాలు:
తమ్ముడూ, మా నాన్నమ్మ వాళ్ల నాన్న రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. అక్కడ మనవాళ్లని 'కోరంగీలు' అనేవారు, అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. 1930 మేలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల వాళ్లకి పని ఆగకూడదు కాబట్టి బర్మా కూలీలని తెచ్చుకున్నారు. సమ్మె తెగగానే మనవాళ్లని వెనక్కి పిలిచి, బర్మావాళ్లని పొమ్మన్నారు. వాళ్ల కోపం యజమానుల మీద కాదు, మనవాళ్ల మీద పడింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. చూశావా, అక్కడ అందరికీ అవసరమే! నువ్వు చెప్పే ఆ అవసరమే జనాన్ని కత్తులు పట్టించింది.

సినిమాలోనూ అది ఉంది, నాగావళి గారు రాయలేదు. ఎమ్మీని మొదట్లో వెలేసిన తోటి పనివాళ్లు, తర్వాత ఆమెని కలుపుకుంటారు. ఎప్పుడు? యుగోస్లావియా నుంచి యోలాండా అని తక్కువ జీతానికి కొత్తమ్మాయి చేరాక. మెట్ల మీద ఒక్కతే కూర్చుని తినడం ఈసారి ఆ పిల్ల వంతు. వెలేసినవాళ్లలో ఎమ్మీ కూడా ఉంది. అదీ నాకు కడుపులో దేవేసిన చోటు.

పలాస జీడిపప్పు:
నాకు సినిమా నత్తనడకలా అనిపించింది, నిజం చెప్తున్నాను. కానీ ఒక్క సీను మాత్రం నన్ను వదల్లేదు. స్నేహితురాళ్లు వస్తే ఎమ్మీ అలీని నిలబెట్టి, కండలు పట్టుకుని చూడమంటుంది. వాళ్లు చుట్టూ తిరిగి తడిమి మెచ్చుకుంటారు. ఎవరూ తిట్టలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు.

హైదరాబాద్‌లో నేను ఆఫీసులో చేరిన మొదటి వారం, "శ్రీకాకుళమా! ఏదీ, మీ యాసలో ఓ ముక్క చెప్పు" అన్నారు. "ఏటి సెప్పమంటారు?" అన్నాను. పక్క సీట్లవాళ్లని కూడా పిలిచి మళ్లీ చెప్పించారు. అందరూ మంచివాళ్లే, నాతో కలిసి భోంచేసేవాళ్లే. ఇది వివక్ష అంటే వాళ్లు బాధపడతారు కూడా. మన సినిమాల్లో పనివాడి పాత్రకి ఎన్నిసార్లు మన యాస పెట్టారో ఎవరైనా లెక్కేశారా?

కంటోన్మెంట్ కుర్రాడు:
రంగూన్ సంగతికి నా దగ్గర జవాబు లేదక్కా. యాస సంగతి మాత్రం సాగదీయడమే అంటాను. టైమ్‌పాస్‌కి అన్న మాటకీ, సరుకు ఇవ్వకపోవడానికీ తేడా లేదా?

నాగావళి ఒడ్డు:
తేడా ఉంది. కానీ అలీకి కొట్టాయన సరుకు ఇవ్వనప్పుడు ఎమ్మీ వెళ్లి గట్టిగా అడిగింది. కండలు చూపించినప్పుడు అడగాల్సిన మనిషే చూపిస్తోంది, ఇక అతను ఎవరితో చెప్పుకుంటాడు? కుస్‌కుస్ తినాలనుందంటే, జర్మనీ పద్ధతులు అలవాటు చేసుకోమంటుంది. వలస వెళ్లిన ఊళ్లో అంబలి అడిగితే "ఇక్కడ అలాంటివి తినం" అని సొంత భార్యే అన్నట్టు. చివర్లో అతను కడుపులో పుండు పగిలి పడిపోతాడు. విదేశీ కూలీల్లో ఇది మామూలేనంటాడు డాక్టర్. నయం చేసి పంపినా ఆర్నెల్లలో మళ్లీ వస్తారట.

ఇంకో సంగతి. అతని అసలు పేరు అలీ కాదు, చాలా పొడవైన పేరు. అందరూ అలీ అంటారు కాబట్టి అలీ అయిపోయాడు.

కంటోన్మెంట్ కుర్రాడు:
పేరు సంగతి చదివాక, సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన కనిపిస్తే మేస్త్రీ పేరేంటని అడిగాను. రెండేళ్లుగా ఉంటున్నాడు కదా. "ఒరియావోడు అంటాం. పేరు తెలీదు గానీ అద్దె మాత్రం ఒకటో తారీఖుకే తెచ్చిస్తాడు" అన్నాడు. నా వాదన నేను వదల్లేదు, ఊరికే చెప్తున్నాను.