ఎఫ్ఎఫ్ఎంపెగ్ బిల్డ్ స్క్రిప్టులో నాన్‌ఫ్రీ ఫ్లాగ్ ఉంది, యాప్ ప్లే స్టోర్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న:
క్లోజ్డ్ సోర్స్ ఆండ్రాయిడ్ వీడియో ఎడిటర్ యాప్. గిట్‌హబ్‌లో దొరికిన స్క్రిప్టుతో ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో, ఆడియో ప్రాసెస్ చేసే ఓపెన్ సోర్స్ లైబ్రరీ) బిల్డ్ చేస్తున్నాం. ఫ్లాగులు (బిల్డ్ ఆప్షన్లు) ఇవి: --ఎనేబుల్-జీపీఎల్, --ఎనేబుల్-నాన్‌ఫ్రీ, --ఎనేబుల్-లిబ్ఎక్స్264, --ఎనేబుల్-లిబ్ఎఫ్‌డీకే-ఏఏసీ. నాన్‌ఫ్రీ తీసేస్తే కాన్ఫిగర్ (బిల్డ్‌కు ముందు ఆప్షన్లు సరిచూసే స్క్రిప్టు) ఆగిపోతోంది. స్క్రిప్టు లైసెన్సు ఎంఐటీ (దాదాపు షరతుల్లేనిది), ఎఫ్ఎఫ్ఎంపెగ్ కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు. ఇబ్బంది ఉంటుందా?

జవాబు 1:
ఉంటుందండి. ఎంఐటీ వర్తించేది ఆ షెల్ స్క్రిప్టుకే, దాంతో తయారయ్యే బైనరీకి కాదు. కోడ్ మార్చామా లేదా అన్నదీ ఇక్కడ లెక్కలోకి రాదు. బైనరీని పదిమందికి పంచిన క్షణం నుంచే షరతులు వర్తిస్తాయి.

మామూలుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆ తర్వాతిది, అంటే క్లోజ్డ్ సోర్స్ యాప్ కూడా షరతులతో వాడుకోగల లైసెన్సు. హెచ్.264 వీడియో ఎన్‌కోడరైన ఎక్స్264 జీపీఎల్ (వాడిన యాప్ సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్సు) కాబట్టి అది కావాలంటే జీపీఎల్ ఫ్లాగ్ పెట్టాలి, పెడితే మొత్తం లైబ్రరీ జీపీఎల్ అవుతుంది, దానికి లింకైన మీ యాప్ కూడా. ఏఏసీ ఆడియో ఎన్‌కోడరైన ఎఫ్‌డీకే లైసెన్సుకు జీపీఎల్‌తో పొసగదు. రెండూ ఒకే బిల్డ్‌లో ఉంటే ఇతరులకు పంచే హక్కు ఎవరికీ ఉండదు. కాన్ఫిగర్ చివర్లో "నాన్‌ఫ్రీ అండ్ అన్‌రీడిస్ట్రిబ్యూటబుల్" అని వస్తుంది, చూడండి. నాన్‌ఫ్రీ ఫ్లాగ్ అనుమతి పత్రం కాదు, "సొంతానికి వాడుకుంటా, పంచను" అని మీరే ఒప్పుకోవడం.

జీపీఎల్, నాన్‌ఫ్రీ, ఎక్స్264 మూడూ తీసేయండి. ఏఏసీకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఎన్‌కోడర్ చాలు, 2016లో 3.0 వచ్చినప్పటి నుంచి అది ప్రయోగదశలో లేదు. హెచ్.264కు 6.0 నుంచి మీడియాకోడెక్ (ఆండ్రాయిడ్‌లోనే ఉండే కోడెక్ వ్యవస్థ) ఎన్‌కోడర్ ఉంది, --ఎనేబుల్-జేఎన్ఐ, --ఎనేబుల్-మీడియాకోడెక్ ఇవ్వాలి. ఎక్స్264కు అలవాటైన -సీఆర్ఎఫ్ 23 (నాణ్యత స్థాయి) లాంటివి దానికి పనిచేయవు, బిట్‌రేట్ మీరే చెప్పాలి. ఫోన్‌ను బట్టి నాణ్యత మారుతుంది, అది భరించాల్సిందే.

జవాబు 2:
పైదానికి చిన్న సవరణ. ఎఫ్‌డీకే ఉంటే నాన్‌ఫ్రీ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. కాన్ఫిగర్ స్క్రిప్టు తెరిచి చూడండి, జీపీఎల్ కూడా ఆన్‌లో ఉంటేనే అది అడ్డుపడుతుంది. ఎల్‌జీపీఎల్ బిల్డ్‌లో ఎఫ్‌డీకే ఒక్కటే ఉంటే నాన్‌ఫ్రీ అక్కర్లేదు. పేటెంట్ల సంగతి వేరు.

ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌దీ ఇదే తంతు. 3.0 నుంచి అది అపాచీ 2.0, జీపీఎల్ 3తో కలుస్తుంది, 2తో కలవదు. అందుకే జీపీఎల్ బిల్డ్‌లో --ఎనేబుల్-వెర్షన్3 అడుగుతుంది. ఎల్‌జీపీఎల్ బిల్డ్‌లో అడగదు.

ప్రశ్న అడిగినవారు:
ఫ్లాగులు తీసి మళ్లీ బిల్డ్ చేశాక, ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు)లోకి వెళ్లింది కొత్తదేనని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1:
ముందు మేక్ డిస్ట్‌క్లీన్ (పాత బిల్డ్ ఫైళ్లు తుడిచే కమాండ్) కొట్టండి. ఒక్కో ఏబీఐకి (ప్రాసెసర్ రకానికి) ఒక ఫోల్డర్ వాడే స్క్రిప్టుల్లో ఆర్మ్64 కొత్తది, ఆర్మ్‌వీ7 పాతది మిగిలిపోవడం మామూలే. --డిజేబుల్-ఆటోడిటెక్ట్ కూడా పెట్టండి, లేకపోతే కనబడిన లైబ్రరీలను కాన్ఫిగర్ తనంతట తానే కలుపుకుంటుంది.

తర్వాత ఏపీకే విప్పి, ప్రతి ఏబీఐలోని లిబ్ఏవీకోడెక్.ఎస్ఓ మీద స్ట్రింగ్స్ (బైనరీలోని అక్షరాలు చూపే కమాండ్) నడిపి "ఎనేబుల్-జీపీఎల్" వెతకండి. కాన్ఫిగర్ లైను మొత్తం బైనరీలోనే దాగి ఉంటుంది, స్ట్రిప్ చేసినా (డీబగ్ సమాచారం తీసేసినా) పోదు. లింకైన లైబ్రరీలు చూపే రీడ్‌ఎల్ఫ్‌ను నమ్ముకోకండి, స్టాటిక్‌గా (ఫైలు లోపలే) కలిసిన ఎక్స్264 అందులో కనబడదు.

జవాబు 3:
ఎల్‌జీపీఎల్ అయినంత మాత్రాన పని అయిపోలేదు. --ఎనేబుల్-షేర్డ్, --డిజేబుల్-స్టాటిక్‌తో విడి .ఎస్ఓ (షేర్డ్ లైబ్రరీ) ఫైళ్లుగా ఉంచండి. స్టాటిక్ అయితే యూజర్ మళ్లీ లింక్ చేసుకోవడానికి మీ ఆబ్జెక్ట్ ఫైళ్లూ ఇవ్వాల్సి వస్తుంది. యాప్ షరతుల్లో "రివర్స్ ఇంజనీరింగ్ నిషేధం" అని గుడ్డిగా రాయకండి, లైబ్రరీ మార్చుకున్నాక డీబగ్ చేసుకునే వీలు ఉండాలని ఎల్‌జీపీఎల్ 2.1 ఆరో సెక్షన్ అడుగుతుంది.

మీరు ఇవ్వాల్సిన సోర్స్ అంటే టార్‌బాల్ (కోడ్ కుదించిన ఫైలు) ఒక్కటే కాదు. కంపైల్, ఇన్‌స్టాల్ నడిపే స్క్రిప్టులూ అందులో భాగమేనని లైసెన్సులోనే రాసి ఉంది. అంటే మీరు దించుకున్న ఆ స్క్రిప్టు, మీ మార్పులు, ప్యాచ్‌లు, కాన్ఫిగర్ లైను అన్నీ ఇవ్వాలి. మూల సైటుకు లింకిచ్చి ఊరుకోకుండా, రిలీజ్ చేసిన ప్రతి వెర్షన్‌కూ సరిపడే టార్‌బాల్‌ను మీ సర్వర్‌లోనే పెట్టండి.