ఐసొలెట్‌కు విడి రేంజ్‌ఫైండర్ కొనాలా, దండగ ఖర్చా?

రెండోఘాట్:
అగ్ఫా ఐసొలెట్ 2 చవగ్గా దొరికింది. 85 ఎంఎం ఎఫ్/4.5 లెన్సు, ప్రాంటో షట్టరు, 120 రీలుకు 12 ఫొటోలు. లోపల రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) లేదు, దూరం కంటితో అంచనా కట్టి లెన్సు రింగు తిప్పుకోవాలి. కెమెరా పైనుండే షూలో, అంటే విడి పరికరాలు దూర్చే గాడిలో, తగిలించుకునే వాటామీటర్ అనే విడి రేంజ్‌ఫైండర్ ఒకటి అమ్మకానికి ఉంది, కెమెరా ధరలో సగం పైనే చెబుతున్నారు. కపిలతీర్థం మండపాల్లో, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో మనుషుల్ని తీయాలి. కొనమంటారా, ఆ డబ్బు రీళ్ళకు పెట్టమంటారా?

నల్లరీలు:
రీళ్ళకే పెట్టు తమ్ముడూ. తిరుపతి ఎండలో 100 ఐఎస్ఓ రీలు వేస్తే షట్టరు 1/200 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/11. ఆ లెక్కన రింగు 4 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే 3 నుంచి దాదాపు 5.7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 13 మీటర్ల దగ్గర పెడితే ఆరున్నర నుంచి అవతలి కొండల దాకా. అంత వెడల్పున్నప్పుడు కొలిచేదేముంది?

దగ్గరి దూరాలకు ఫ్రేమే కొలబద్ద. ఈ లెన్సుతో నిలబడ్డ మనిషి పాదం నుంచి తల దాకా ఫ్రేములో సరిగ్గా పట్టాడంటే రెండున్నర మీటర్లు. ఫ్రేములో సగమే ఉన్నాడంటే 5 మీటర్లు. ఈ పాత వ్యూఫైండర్లు ఫిలిం మీద పడేదానికన్నా కాస్త తక్కువ చూపిస్తాయి కాబట్టి ఆ రెండున్నరను 2.7 అనుకో. ఇక ఇంకా దగ్గరికెళ్తే పూలమ్మేవాళ్ళ కొలతే: మూర అంటే అడుగున్నర, బార అంటే నీ ఎత్తుకు అటూ ఇటూగా. దీనికి పైసా ఖర్చు లేదు.

కోనేటిగట్టు:
అన్నా, నువ్వు చెప్పేదంతా నడివీధి ఎండ లెక్క. తమ్ముడు అడిగింది మండపం గురించి. కపిలతీర్థంలో స్తంభాల వెనక్కి నాలుగడుగులు వేస్తే చాలు, వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది. 400 రీలుతో కూడా రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్/4.5, 1/50 దగ్గర తేలుతుంది.

అక్కడ లెక్క చూడు. ఎఫ్/4.5, 2 మీటర్లు: స్పష్టంగా వచ్చేది 1.88 నుంచి 2.13 వరకు, అంటే పాతిక సెంటీమీటర్లు. మీటరున్నరకి దిగితే 14 సెంటీమీటర్లే. ముక్కు కొసకు పెడితే చెవులు అటుపోతాయి. బారతో 14 సెంటీమీటర్లు పట్టుకోగలవా?

చిన్న రేంజ్‌ఫైండర్ల మీద 'బేస్ తక్కువ, కచ్చితం కాదు' అనే మాట ఊరికే తిరుగుతోంది. రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలు ఒకదాని మీద ఒకటి కలిసేదాకా చక్రం తిప్పితే దూరం తెలుస్తుంది; ఆ కిటికీల మధ్య దూరమే బేస్. అది 4 సెంటీమీటర్లే ఉందనుకుందాం. కన్ను ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా పసిగడుతుంది. అప్పుడు 2 మీటర్ల దగ్గర తప్పు 3 సెంటీమీటర్లు, 5 మీటర్ల దగ్గర 19, 10 మీటర్ల దగ్గర ముప్పావు మీటరు. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. కానీ దూరం పెరిగేకొద్దీ ఫోకస్ వెడల్పు కూడా పెరుగుతుంది కదా! అవసరమున్న చోటే అది బాగా పనిచేస్తుంది, అవసరంలేని చోట తప్పుతుంది.

నల్లరీలు:
లెక్క బాగుంది. కొలిచి, చక్రం మీద అంకె చదివి, ఆ అంకె లెన్సు రింగు మీదికి మార్చి, మళ్ళీ వ్యూఫైండర్లోకి చూసేలోపు ఆ మనిషి ఉంటాడా? విడి రేంజ్‌ఫైండర్‌కూ లెన్సుకూ లంకె లేదు. పైగా కెమెరా స్కేలు అడుగుల్లో, రేంజ్‌ఫైండర్ మీటర్లలో ఉంటే ప్రతిసారీ 3.28తో గుణించుకుంటూ కూచోవాలి.

కోనేటిగట్టు:
మనిషిని కాదన్నా, చోటుని కొలవాలి. అలిపిరి మెట్ల మీద పైనున్న ఒక మెట్టు అంచు కొలిచి పెట్టుకో, ఎవరి కాలు ఆ మెట్టు మీద పడితే అప్పుడు నొక్కు. అడుగులూ మీటర్ల గొడవకు లెన్సు పక్కన చిన్న కాగితం పట్టీ అతికించుకుంటే సరి.

పాకాలజంక్షన్:
మీరిద్దరూ అసలుది వదిలేసి కొట్టుకుంటాండారు కదబ్బా! ఐసొలెట్ రింగు మీదున్న అంకె నిజం చెబుతోందని ఎవరు చూసినారు? అది తప్పయితే బారా దండగే, వాటామీటరూ దండగే.

ఈ కెమెరాల్లో అగ్ఫావాళ్ళు వేసిన పచ్చ గ్రీజు ఏళ్ళు గడిచేకొద్దీ లక్కలా గట్టిపడతాది. ముందు గాజు, దాని వెనక గాజు మరల దగ్గర ఒకటిగా అతుక్కుంటాయి. రింగు బలంగా తిప్పితే ముందుది ఒక్కటే తిరగాల్సింది పోయి, రెండూ కలిసి వెనక మర నుంచి ఊడొస్తాయి. రింగు తిరుగుతాంటే బాగుందనుకుంటాం, ఫోకస్ మాత్రం ఎక్కడో ఉంటాది. అమ్మేవాడు 'ఫోకస్ స్మూత్' అన్నా నమ్మొద్దు.

చూసే పద్ధతి ఇది. రీలు లేకుండా వెనక తలుపు తెరువు. షట్టరు బి మీద (నొక్కినంతసేపూ తెరిచి ఉండే చోట) పెట్టి, కేబుల్ రిలీజ్‌తో (షట్టరు నొక్కే తీగతో) తెరిచి బిగించు. ఎఫ్/4.5కి తెరువు. గరుకు గాజుముక్క ఫిలిం ఆనే లోపలి పట్టాల మీద, గరుకు వైపు లెన్సుకేసి ఉండేలా పెట్టు. బయటి పట్టాలు వెనక ఒత్తుడు పలక కూచునేవి, వాటి మీద పెడితే కొలత తప్పతాది. గాజు లేకుంటే గుడ్డిగా కనబడే సెలో టేపు బిగుతుగా లాగి అంటించు, వదులైతే నడిమిలో గుంట పడతాది. కెమెరా స్టాండు మీద పెట్టి కొండ అంచుకు గురిపెట్టి, 8 రెట్ల భూతద్దంతో చూడు. రింగు ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు దగ్గర ఉన్నప్పుడు అంచు పదునుగా ఉండాల. లేదంటే రింగు చుట్టూ ఉన్న మూడు బుల్లి స్క్రూలు వదులుచేసి, రింగు కదలకుండా పట్టుకుని దాని లోపలున్న ముందు గాజు తిప్పి సరిచేసి, మళ్ళీ బిగించు. ఆ పైన కొలత టేపుతో 2 మీటర్లు కొలిచి ఇంకోసారి చూడు, ముందు గాజు ఒక్కటే కదిలే లెన్సుల్లో దగ్గరి అంకెలు కూడా చూసుకోవాల.

అతుక్కుని ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, లైటర్ పెట్రోలు చుక్క వేసి, ఓపిగ్గా. పట్టకారుతో నులిమితే ఇత్తడి వంకరపోతాది. విడదీసే ముందు గీత గీసుకో, ఏ మరలో మొదలైందో తెలియకుంటే మళ్ళీ మొదటికే.

ఇంకోమాట, సెల్ఫ్ టైమర్ మీటను తాకొద్దు. పాత షట్టర్లలో అది మధ్యలో ఆగిపోయిందంటే షట్టరు కూడా ఆగిపోతాది.

రెండోఘాట్:
స్కేలు చూస్తాను. రేంజ్‌ఫైండర్‌ను ఎలా పరీక్షించాలి?

కోనేటిగట్టు:
రాత్రిపూట ఊళ్ళోంచి గాలిగోపురం దీపాలు కనబడతాయి కదా, వాటికేసి చూడు. ఇన్ఫినిటీ దగ్గర ఒక దీపం ఒక్క చుక్కగానే కనబడాలి. అడ్డంగా రెండైతే స్కేలు తప్పింది, దాన్ని మరతో సర్దొచ్చు. పైకీ కిందకీ రెండైతే అద్దం వంగింది, అది తలనొప్పి.

మధ్యలో ప్యాచ్ (రెండో కిటికీ బొమ్మ కనబడే చిన్న చోటు) వెలిసిపోయి ఉంటే సగం వెండిపూత ఎగిరిపోయినట్టు. స్పిరిట్, దూది పెట్టి తుడిచావో ఉన్నదీ పోతుంది. చూసే ప్రధాన కిటికీ ముందు నల్లటి పారదర్శక ఫిలిం ముక్క అంటించు, ప్యాచ్ వెలుగుకు అడ్డం లేకుండా. చుట్టూ చీకటి పడి ప్యాచ్ తేలుతుంది.

గోపురం మీద గురిపెట్టి 'కలవట్లేదు' అనకు. గోపురం నిండా అడ్డగీతలే, ఈ పరికరానికి నిలువు గీత కావాలి. ధ్వజస్తంభం, తలుపు చెక్క అంచు చూసుకో. అడ్డగీత తప్పదంటే కెమెరా నిలువుగా తిప్పు.

తలకోనవాన:
ఇంత కష్టమెందుకు, హార్డ్‌వేర్ షాపులో లేజర్ మీటరు దొరుకుతుంది.

పాకాలజంక్షన్:
మండపం గోడకైతే పనికొస్తాది. ఎండలో ఎర్రచుక్క కనబడదు, మనుషుల కళ్ళల్లోకి కొట్టడం తప్పు. లేజర్ మీటరు వెనకంచు నుంచి లెక్కేసేది కాబట్టి ఆ అంచు కెమెరా వెనక తలుపుకు సమంగా ఉండేలా పెట్టు.

నల్లరీలు:
సరేలే, మండపానికి ఒప్పుకుంటాను. అయినా సగం ధర ఎక్కువే. ప్యాచ్‌లోంచి ఫొటో తీసి పంపమను, ఇన్ఫినిటీలో ఒకటి, 2 మీటర్లలో ఒకటి. పంపనంటే పాతిక శాతం తగ్గించి అడుగు. షూలో వదులుగా ఉంటే ఎక్స్‌రే ఫిలిం ముక్క దూర్చు, లేదంటే మొదటిసారి వంగినప్పుడే జారి కోనేట్లో పడుతుంది.