రేషన్ బియ్యంలో తేలే గింజలు ఏరి పారేయాలా?

కనిగిరి కోడలు:
మాది కనిగిరి దగ్గర పల్లె. రేషన్ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి. మిగతా వాటికంటే కాస్త పసుపుగా, నునుపుగా, అన్నీ ఒకే తీరులో ఉంటాయి. అవి ప్లాస్టిక్ బియ్యమని మా అత్తయ్య అనుమానం. చేటలో పోసుకుని ఒక్కో గింజా ఏరి కోళ్లకు వేస్తారు. ప్లాస్టిక్ అయితే కోళ్లకు మాత్రం ఎందుకని అడగాలనిపించింది కానీ నోరు మూసుకున్నాను. డీలర్‌ను అడిగితే "బలం బియ్యం" అన్నాడు. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో పరీక్ష చేసి హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర అన్నారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. కడుపులో తిప్పుతుందని అది వేసుకోకుండా పుస్తకాల సంచిలో దాస్తోంది. ఈ గింజల్లో ఐరన్ ఉంటుందని మా పక్కింటి ఆవిడ అంటోంది, నిజమేనా?

ఇంకో మాట. అత్తయ్య చిన్నప్పుడు వరిగన్నం, సజ్జ రొట్టె, జొన్న సంకటి తినేవారట. ఆ రోజుల్లో ఎవరికీ రక్తం తక్కువ అన్న మాటే లేదంటారు. ఇప్పుడు మా చేలో కంది, పొగాకు తప్ప ఏమీ లేవు. తినడానికి నెలనెలా బియ్యం వస్తాయి. ఇది మంచికే జరిగిందా?

ఒంగోలు వాసి:
ప్లాస్టికే. అన్నం ఉండ చేసి నేలకేసి కొడితే ఎగురుతుంది, వీడియోలో చూశాను.

బుచ్చి మిల్లు మనిషి:
ఒంగోలు అన్నా, ఏ అన్నాన్ని గట్టిగా ఉండ చేసి కొట్టినా ఎగురుతుంది. అది గంజి జిగురు. మీ ఇంటి సన్నబియ్యంతో చేసి చూడండి.

నేను బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైస్ మిల్లులో పని చేస్తున్నాను. ఆ గింజలు బియ్యప్పిండితో చేసినవే. పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, సేమ్యా ఒత్తినట్టు యంత్రంలో ఒత్తి, బియ్యపు గింజంత ముక్కలుగా కోసి ఆరబెడతారు. వంద కిలోల బియ్యానికి ఒక కిలో కలపాలి. మామూలు గింజ కంటే బరువు తక్కువైతే తేలుతుంది, అంతే. కలిపే యంత్రం సరిగా తిరగకపోతే ఒక బస్తాలో కుప్పగా పడి, ఇంకో బస్తాలో వెతికినా కనపడవు. జనానికి అనుమానం వచ్చేది అక్కడే. ఆ తప్పు మాలాంటి వాళ్లది.

పొదిలి పెద్దాయన:
అమ్మా, నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన వాణ్ని. ముందు గింజల సంగతి చెబుతాను.

2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించిన తరువాత రేషన్, బడి భోజనం, అంగన్‌వాడీ బియ్యం అన్నింటిలోకీ ఇవి వచ్చాయి. ప్రమాణాల ప్రకారం కలిపిన బియ్యం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. మీ అమ్మాయి రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే 8 నుంచి 13 మిల్లీగ్రాముల దాకా అందుతుంది. ఆ వయసు ఆడపిల్లకు 30 కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. అంటే మూడో వంతుకు కాస్త అటూ ఇటుగా. దాన్నే మీ అత్తగారు కోళ్లకు వేస్తున్నారు. కోళ్లు మాత్రం పుష్టిగా ఉండి ఉంటాయి.

కాబట్టి ఏరవద్దని చెప్పు. నాలుగైదు సార్లు కడగవద్దు, గంజి వార్చి పారబోయవద్దు. నీళ్లలో కరిగే విటమిన్లు ఆ దారినే పోతాయి. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకు, నిమ్మకాయ పిండు. కానీ తొమ్మిదిన్నర ఉన్న పిల్లకు బియ్యంతో సరిపోదు, మాత్ర వేయాల్సిందే. కడుపులో తిప్పుతుంటే ఏ వేళకు వేయాలో ఏఎన్ఎంను అడుగు, మానిపించకు. ఇంట్లో ఎవరికైనా తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉంటే మాత్రం ఈ బియ్యం సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

ఇక రెండో ప్రశ్న. దీని మీద నాకు కోపం ఉంది, కాస్త పొడుగ్గా రాస్తాను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన మెట్ట ప్రాంతంలో పస్తులు తగ్గాయి. అది చిన్న విషయం కాదు, దాన్ని తప్పుపట్టేవాళ్లతో నేను వాదిస్తాను. వరిగలు, కొర్రలు రోట్లో దంచింది ఎవరు? ఆడవాళ్లు. పొద్దంతా చేలో చేసి వచ్చి, రాత్రికి వండాలంటే మళ్లీ దంపుడు. దంచే పనిలేని బియ్యం గడపలోకి వస్తే వాళ్లు సంతోషించారంటే నాకు ఆశ్చర్యం లేదు. పాత తిండి గొప్పదని సభల్లో మాట్లాడే మగవాళ్లు ఆ రోకలి పట్టుకుని ఎరగరు.

తప్పు ఆ తరువాత జరిగింది. బస్తాలోకి బియ్యం తప్ప ఇంకేదీ రాలేదు. వరికి కొనుగోలు కేంద్రం ఉంది, మిల్లు ఉంది, గోదాము ఉంది. రాగికి మద్దతు ధర లేదా అంటే ఉంది. 2025-26లో సాధారణ రకం వరికి క్వింటాలు 2369 రూపాయలైతే రాగికి 4886. కాగితం మీద రెట్టింపు! ఆ ధరకు కొనే కాటా ఎక్కడ పెట్టారు? కొర్రకు, వరిగకు అయితే కేంద్రం ప్రకటించే జాబితాలో చోటే లేదు. పొగాకుకు చూడు, 1976 నుంచి బోర్డు ఉంది, ఎంత వేయాలో చెబుతుంది, వేలం కేంద్రం మా పొదిలిలోనూ ఉంది, మీ కనిగిరిలోనూ ఉంది. ధర పడిన ఏడు రైతు ఏడుస్తాడు, అయినా కొనే చోటు ఉందన్న ధీమా ఉంది. అప్పు చేసి పంట వేసేవాడికి అంతకంటే ఏం కావాలి? మీ చేలో పొగాకు ఎందుకుందో, సజ్జ ఎందుకు లేదో అర్థమైంది కదా.

పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. సజ్జల్లో ఆరు దాకా ఉంటుంది. ఒంటికి పట్టేది అందులో కొంతే అనుకున్నా తేడా తేడాయే. పైగా మిల్లులో తీసిన తవుడు నూనెకు పోతుంది, పిప్పి నెల్లూరు వైపు చేపల చెరువులకు పోతుంది. తవుడుతో పోయిన వాటిలో ఒకటో రెండో కొనితెచ్చి కలిపి దానికి బలవర్ధకమని పేరు పెట్టారు. వద్దనను, తినమనే చెబుతాను. పళ్లెం మాత్రం మారలేదు.

మీ అత్తగారి మాటకు ఒక సవరణ. ఆ రోజుల్లో రక్తం తక్కువ లేదు కాదు, చూసేవారు లేరు. ఇంకోటి, మన నేలలో జొన్నకు ఒక చిక్కు ఉంది. పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే ఇక్కడి ఫ్లోరైడ్ జబ్బు (నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు) గురించి వైద్య పత్రికలో వచ్చింది. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బియ్యం తినేవారికంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని గమనించారు. జొన్న మానమని కాదు. ముందు నీళ్లు చూసుకోవాలి. మీరు వండేది ఏ నీళ్లతో?

కనిగిరి కోడలు:
తాగడానికి ప్లాంటు నుంచి డబ్బా నీళ్లు తెస్తాం బాబాయ్ గారూ. వంటకు బోరు నీళ్లే. డబ్బా నీళ్లు వంటకు కూడా అంటే మా ఆయన ఖర్చు అంటారు.

పొదిలి పెద్దాయన:
అన్నం ఆ నీళ్లనే పీల్చుకుంటుంది తల్లీ. పప్పుకూ అంతే. గిన్నెలు కడగడానికి బోరు నీళ్లు వాడండి, అన్నానికీ పప్పుకీ డబ్బా నీళ్లు పోయండి. ఖర్చు మాట మీ ఆయనతో నేను మాట్లాడతాను, ఇక్కడికి రమ్మను.

బుచ్చి మిల్లు మనిషి:
నాదో మాట. మా వీధిలో సగం ఇళ్లవాళ్లు రేషన్ బియ్యం అమ్మేసి సన్నాలు కొంటారు. కలిపిన ఐరన్ ఏ దోసెల పిండిలోకి పోతోందో దేవుడికే తెలియాలి.

కనిగిరి కోడలు:
అత్తయ్యకు చదివి వినిపించాను. గింజలు ఏరడం మానేస్తానన్నారు, కోళ్లకు నూకలు కొనాలట. సజ్జలు మాత్రం తెప్పించమంటున్నారు. వాటికి పొట్టు తీయించాలా? దంపుడు నా వల్ల కాదు.

పొదిలి పెద్దాయన:
కొర్రకూ వరిగకూ ఆ బాధ, సజ్జకు లేదు. శుభ్రం చేసి నేరుగా పిండి మరకు పంపవచ్చు. ఒక్కసారే ఎక్కువ పట్టించకు, సజ్జపిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది. వారానికి సరిపడా చాలు.