ఒక్క ఇంగ్లీషు 'ద' (the) వల్ల రాత్రి రెండింటిదాకా కాల్‌లో కూర్చున్నా

బెల్లందూరు_బాటసారి:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు. బెంగళూరొచ్చి ఆరేళ్లయింది, డెవలపర్‌ని. మొన్న పేమెంట్ స్క్రీన్‌లో రెండు బగ్స్ ఉన్నాయి. పెద్దది, డబ్బులు రెండుసార్లు కట్ అయ్యేది, క్లయింట్‌కి తెలుసు. చిన్నది మాకు మేమే పట్టుకున్నాం, వాళ్లకి చెప్పలేదు. చిన్నదాన్ని సరిచేసి "వి హావ్ ఫిక్స్‌డ్ ద పేమెంట్ బగ్" అని మెయిల్ కొట్టా. వాళ్లు పెద్దదే పోయిందనుకుని ఆ రాత్రే లైవ్‌లోకి వదిలారు. ఇక చూడండి నా టెన్షన్.

మేనేజర్ 'ఎ బగ్' అని రాసుండాల్సిందన్నాడు. నాకిప్పటికీ అర్థం కాలేదు. స్కూల్లో "తెలిసినదానికి 'ద'" అనే కదా చెప్పారు. నేను సరిచేసింది ఏ బగ్గో నాకు తెలుసు. మరి తప్పెక్కడ?

పాత_మాస్టారు:
నీకు తెలిస్తే చాలదు నాయనా, చదివేవాడికి తెలియాలి. కిటుకంతా అక్కడే ఉంది. చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. నేనూ ఆ సగం సూత్రమే చెప్పినవాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

మీ అమ్మగారు వంటింట్లోంచి "కుక్కర్ దింపరా" అంటే ఏ కుక్కరని అడగవు. పొయ్యి మీదున్నది ఒకటే, అది నీకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. అది 'ద కుక్కర్'. పెళ్లికి "కుక్కర్ కొనిద్దాం" అంటే ఇంకా ఏదో తేలలేదు. అది 'ఎ కుక్కర్'. తెలుగులో రెండుచోట్లా ఉత్త 'కుక్కర్' అని ఊరుకుంటాం, సందర్భం చూసుకుంటుంది. ఇంగ్లీషులో ప్రతిసారీ ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. నువ్వు 'ద బగ్' అనగానే "మీకు తెలిసిన ఆ బగ్గే" అని వాళ్లకి మాట ఇచ్చినట్టయింది. వాళ్లకి తెలిసింది ఒక్కటేనాయె.

బెల్లందూరు_బాటసారి:
మాస్టారూ, ఈ ముక్క ఆరో క్లాసులో ఎవరైనా చెప్పుంటే ఆ రాత్రి పడుకునేవాణ్ణి.

క్లెయిము_కాపలాదారు:
నేను పేటెంట్ డ్రాఫ్టింగ్‌లో ఉంటాను, కోరమంగళ. మా పనిలో ఇది ప్రాణం. ఆవిష్కరణలో దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యమే క్లెయిమ్. అందులో ఒక భాగం పేరు మొదటిసారి రాగానే 'ఎ లివర్' (ఒక మీట) అంటాం. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా 'ద లివర్' లేదా 'సెడ్ లివర్' (పైన చెప్పిన మీట). ముందు పరిచయం చేయకుండా నేరుగా 'ద లివర్' అని రాస్తే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ తిప్పి పంపుతాడు, ఈ లివర్ ఎక్కడినుంచి ఊడిపడిందని. 'యాంటిసిడెంట్ బేసిస్' లేదు అనేది ఆ అభ్యంతరం పేరు. చేరిన కొత్తలో రంగు పెన్సిళ్లతో ప్రతి 'ద' నుంచి దాని మొదటి 'ఎ' దాకా గీతలు గీసుకునేదాన్ని.

ఇంకో విచిత్రం. అమెరికా పేటెంట్లలో 'కంప్రైజింగ్' (ఇవి ఉన్న) అనే మాట వాడిన క్లెయిమ్‌లో 'ఎ' అంటే మామూలుగా ఒక్కటే అని కాదు, ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ అని అక్కడి కోర్టులు తీసుకుంటాయి. కాబట్టి 'ఎ' అంటే 'ఒక' అని బట్టీ పట్టినవాళ్లు జాగ్రత్త.

మారతహళ్లి_మూడో_అంతస్తు:
అక్కా, నా కడుపు మండే కథ ఇక్కడే చెప్పాలి. ఇల్లు చూసినప్పుడు ఓనరు గేటు పక్కన చక్కటి పార్కింగ్ చూపించాడు. రెంటల్ అగ్రిమెంట్‌లో మాత్రం 'విత్ ఎ కార్ పార్కింగ్ స్లాట్' అని ఉంది. చూసుకోకుండా సంతకం పెట్టా. రెండు నెలలకి ఆ స్లాట్ తన అల్లుడికిచ్చి నన్ను వాటర్ ట్యాంకర్ ఆగే మూలకి పంపాడు. అడిగితే "అగ్రిమెంట్‌లో ఒక స్లాట్ అనే కదా ఉంది, ఇచ్చాం కదా" అన్నాడు. కన్నడంలో ఎంత పోట్లాడినా కాగితం వాడి వైపే ఉంది.

క్లెయిము_కాపలాదారు:
అక్కడ 'ద' పెట్టినా పూర్తిగా గట్టెక్కేవాడివి కాదు తమ్ముడూ. ఏ స్లాటో కాగితంలో ముందెక్కడా చెప్పకపోతే 'ద స్లాట్' కూడా గాల్లో వేలాడుతుంది. స్లాట్ నంబరు వేయించుకో. వచ్చే పదకొండు నెలల అగ్రిమెంట్‌లోనైనా.

జయనగర్_ఫోర్త్_బ్లాక్:
నాది చిన్న పరువు నష్టం. లండన్ మేనేజర్‌కి 'ఐ యామ్ ఇన్ హాస్పిటల్' అని మెసేజ్ పెట్టా. మా అత్తగారిని కంటి చెకప్‌కి తీసుకెళ్లానంతే. మేనేజర్ నేను అడ్మిట్ అయ్యాననుకుని వారం మీటింగులన్నీ రద్దు చేసి, త్వరగా కోలుకోమని టీమ్ అందరిచేతా మెసేజ్‌లు పెట్టించింది! బ్రిటిష్ వాళ్లకి 'ఇన్ హాస్పిటల్' అంటే రోగి. చూడ్డానికి వెళ్తే 'ఎట్ ద హాస్పిటల్' అనాలట. అమెరికా వాళ్లు రోగికి కూడా 'ఇన్ ద హాస్పిటల్' అంటారు కాబట్టి వాళ్ల దగ్గర ఇలా దొరికిపోయే ప్రమాదం తక్కువ.

పాత_మాస్టారు:
స్కూలుదీ అదే తంతు. పిల్లవాడు 'గోస్ టు స్కూల్', వాడి ఫీజు కట్టడానికి నాన్న 'గోస్ టు ద స్కూల్'. ఏ పనికోసం ఆ చోటు పుట్టిందో ఆ పనికే వెళ్తే 'ద' ఉండదు. అలాగని అన్నిటికీ అతికించకండి. ఆఫీసుకి పనికోసమే వెళ్తాం, అయినా 'టు ద ఆఫీస్' అనే అంటారు.

యాప్_గోల:
నాకు 'ఎ', 'యాన్' దగ్గరే ఆగిపోయింది బండి. 'యాన్ అవర్' ఏంటి, 'ఎ యూనివర్సిటీ' ఏంటి?

పాత_మాస్టారు:
స్పెల్లింగ్ చూడకు, తెలుగులో రాసి చూడు. 'అవర్' అచ్చుతో మొదలైంది, కాబట్టి 'యాన్'. 'యూనివర్సిటీ' య కారం, హల్లు, కాబట్టి 'ఎ'. 'వన్‌వే' వ కారం, 'ఎ వన్‌వే'. 'ఎమ్మెల్యే', 'ఎఫ్ఐఆర్', 'ఎల్ఐసీ పాలసీ' అన్నీ ఎ తో మొదలయ్యాయి, అన్నిటికీ 'యాన్'. 'ద'ని 'ది' అని పలకడానికీ ఇదే లెక్క. అచ్చు ముందు 'ది', హల్లు ముందు 'ద'. మన లిపి ఉచ్చారణ దాచదు, అదే మన అదృష్టం.

యాప్_గోల:
బాగానే ఉంది మాస్టారూ. మరి 'యాప్'? 'యాపిల్'? 'యాక్సిడెంట్'? మీ లెక్కన 'ఎ యాపిల్' అనాలి!

పాత_మాస్టారు:
పట్టేశావు. క్లాసులోనూ నీలాంటివాడు ఒకడుండేవాడు. ఆ శబ్దానికి మనకు అక్షరం లేదు, అందుకని యా తో సర్దుకుంటున్నాం. నిజానికి అక్కడ య లేదు, అది అచ్చే. అసలు 'యాన్' అన్న మాటలోనే ఆ య అతుకు ఉంది చూడు. యా తో రాసిన మాటల దగ్గర మాత్రం ఒకసారి ఇంగ్లీషు వాళ్ల నోట విని తేల్చుకో.

కృష్ణరాజపురం_లోకల్:
మాది ఇక్కడే మూడు తరాలుగా. ఒక అనుమానం. తెలుగులో 'ద' లేదు లేదు అంటున్నారు కానీ, మన ద్వితీయా విభక్తి 'ని' కొంత ఆ పని చేయట్లేదా? "పుస్తకం చదివాను" అంటే ఏదో ఒకటి. "పుస్తకాన్ని చదివాను" అంటే వినేవాడికి ఏదో తెలిసిన పుస్తకమని తడుతుంది. "లాప్‌టాప్ కొన్నాను" అంటాం, "లాప్‌టాప్‌ని అమ్మేశాను" అంటాం. కన్నడంలో 'అన్ను' కూడా ఇలాగే ఉంటుందని నాకనిపిస్తుంది.

పాత_మాస్టారు:
చాలా మంచి పరిశీలన. నియమం కాదు, మొగ్గు. మనుషుల విషయంలో అటూ ఇటూ 'ని' రావాల్సిందే కాబట్టి అక్కడ ఈ తేడా దొరకదు. వస్తువుల దగ్గర మాత్రం చెవికి తెలుస్తుంది.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషులో 'దట్', 'ద' ఒకే వేరులోంచి వచ్చినవి. చూపుడు మాట అరిగి అరిగి 'ద' అయింది. 'వన్'కి మూలమైన మాటే అరిగి 'యాన్', 'ఎ' అయింది. మన 'ఆ', 'ఒక' అంత అరగలేదు. 'ద సన్'ని 'ఆ సూర్యుడు' అని అనువదిస్తే వేలు పెట్టి చూపించినట్టుంటుంది. చాలా అనువాదాల్లో ప్రతి పేరు ముందూ 'ఆ', 'ఒక' వేలాడటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జయనగర్_ఫోర్త్_బ్లాక్:
చోట్ల పేర్ల సంగతో? మెట్రోలో 'ద పర్పుల్ లైన్' అంటాం, ఎం.జి. రోడ్‌కి మాత్రం 'ద' ఉండదు.

క్లెయిము_కాపలాదారు:
నదులకి ఉంటుంది: ద కావేరి, ద కృష్ణ. చెరువులకి ఉండదు: ఉల్సూర్ లేక్. పర్వత శ్రేణికి ఉంటుంది, ఒక్క శిఖరానికి ఉండదు: ద హిమాలయాస్, మౌంట్ ఎవరెస్ట్. పత్రికల్లో 'ద హిందూ'కి పేరులోనే ఉంది, 'డెక్కన్ హెరాల్డ్'కి లేదు. ఇవి లాజిక్‌తో రావు, చదువుతూ ఉంటే అలవాటవుతాయి. ఒకప్పుడు 'ద యుక్రెయిన్' అనేవాళ్లు. 1991లో స్వతంత్ర దేశమయ్యాక ఆ 'ద' క్రమంగా రాలిపోయింది. అది ఉంటే దేశం కాదు, ఏదో ప్రాంతమన్నట్టుందని వాళ్ల బాధ.

మారతహళ్లి_మూడో_అంతస్తు:
మా టీమ్‌లో అందరూ 'ఐ హావ్ ఫ్యూ డౌట్స్' అంటారు. అదీ తప్పేనా?

పాత_మాస్టారు:
తప్పు కాదు, అర్థం తిరగబడింది. 'ఎ ఫ్యూ' అంటే కొన్ని ఉన్నాయి. ఉత్త 'ఫ్యూ' అంటే దాదాపు లేవు. మీ క్లయింట్ "సంతోషం" అని ఫోన్ పెట్టేస్తే ఆశ్చర్యపోకండి. పైగా 'డౌట్' అంటే వాళ్లకి నమ్మకం లేకపోవడం. అక్కడ 'క్వశ్చన్స్' అనండి.

బెల్లందూరు_బాటసారి:
రేపు పెద్ద బగ్‌ని సరిచేసిన వెర్షన్ రిలీజ్. మెయిల్ ఇలా రాశా, ఒకసారి చూడండి: "వి హావ్ ఫిక్స్‌డ్ ద డబుల్ పేమెంట్ బగ్ యు రిపోర్టెడ్. వి ఆల్సో ఫౌండ్ ఎ స్మాలర్ బగ్ ఇన్ ద సేమ్ స్క్రీన్. ద స్మాలర్ బగ్ వాజ్ ఫిక్స్‌డ్ లాస్ట్ వీక్."

క్లెయిము_కాపలాదారు:
ముందు 'ఎ స్మాలర్', తర్వాత 'ద స్మాలర్'. గీతలు గీసి చూశా, అన్నీ కలిశాయి. 'ఇన్ ద సేమ్ స్క్రీన్' బదులు 'ఆన్ ద సేమ్ స్క్రీన్' అను.

పాత_మాస్టారు:
పంపెయ్ నాయనా. పంపేముందు ఆ బగ్ నిజంగా పోయిందో లేదో ఇంకోసారి చూసుకో. దానికి వ్యాకరణం పనికిరాదు.