లాంగ్‌సోర్డ్ మీది రూన్‌లు విల్లుకు మార్చాలంటే ఖర్చెంత, ఏ వరసలో?

పాచికలసంచి
పాత్‌ఫైండర్ (పాచికలతో ఆడే సాహస కథల ఆట) రెండో ఎడిషన్, రీమాస్టర్ (సవరించిన) రూల్స్. పార్టీ అంతా 5వ లెవెల్. సమాధిలో దొరికిన లాంగ్‌సోర్డ్ మీద మూడు రూన్‌లు (ఆయుధం మీద చెక్కే మంత్ర గుర్తులు) ఉన్నాయి: +1 పొటెన్సీ (గురికి బోనస్), స్ట్రైకింగ్ (దెబ్బ పాచికలు పెంచేది), ఘోస్ట్ టచ్ (దెయ్యాల్లాంటి శరీరంలేని వాటికి దెబ్బ తగిలేలా చేసేది). మాలో కత్తి పట్టేవాళ్లు లేరు, ఫైటర్ చేతిలో ఉన్నది మామూలు లాంగ్‌బో. విజార్డ్‌కి క్రాఫ్టింగ్‌లో (వస్తువుల తయారీ నైపుణ్యం) ఎక్స్‌పర్ట్ ఉంది, ఇంటెలిజెన్స్ +4, మ్యాజికల్ క్రాఫ్టింగ్ ఫీట్ కూడా తీసుకున్నాడు. మూడూ విల్లు మీదికి వస్తాయా, లేక కత్తి అమ్మేసి కొత్తవి చెక్కించుకోవడం మేలా? రూన్‌స్టోన్ (రూన్‌ని దాచి ఉంచే రాయి) కొనక తప్పదని ఒకరంటున్నారు.

గీతలమేస్త్రి
అమ్మకండి. రూన్‌ల ధరలు వరసగా 35, 65, 75, మొత్తం 175 బంగారు నాణేలు. అమ్మితే చేతికొచ్చేది సగమే, మళ్లీ కొనాలంటే పూర్తి ధర. మార్పిడికయ్యేది రూన్ ధరలో పదోవంతు: 3.5, 6.5, 7.5. అంటే 17.5 నాణేలతో పని అయిపోతుంది. ఒక్కో రూన్‌కి ఒక రోజు డౌన్‌టైమ్ (సాహసాల మధ్య ఖాళీ సమయం).

మార్పిడికి పాచిక వేసి చెక్ చేయాలి. దాని డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె, రూన్ లెవెల్‌ని బట్టి ఉంటుంది. పొటెన్సీ 2వ లెవెల్, కాబట్టి 16. మిగతా రెండూ 4వ లెవెల్, 19. మీ విజార్డ్ బోనస్ (లెవెల్, ఎక్స్‌పర్ట్, ఇంటెలిజెన్స్ కలిపి) 5+4+4 = 13 కాబట్టి 19కి పాచిక మీద 6 పడితే చాలు. పనిముట్లు ఉండాలి, కాబట్టి గుహలో కూర్చుని చేసే పని కాదు, ఊరికి చేరాక పెట్టుకోండి.

వరస మాత్రం తప్పకండి, ముందు పొటెన్సీ. ఆయుధానికి పొటెన్సీ ఎంతుంటే అన్ని ప్రాపర్టీ రూన్‌లకే (ఘోస్ట్ టచ్ లాంటి ప్రత్యేక గుణాలిచ్చేవి) చోటు. మామూలు విల్లుకి ఆ చోటే లేదు, అందుకే ఘోస్ట్ టచ్ ముందు వెళ్లకూడదు. పొటెన్సీ తీసేయగానే కత్తి మీది ఘోస్ట్ టచ్ నిద్రపోతుంది. అది పాడైనట్టు కాదు. విల్లు మీదికి మార్చాక మళ్లీ పనిచేస్తుంది.

అర్ధరాత్రి_జీఎం
రూన్‌స్టోన్ మీకు దండగ. రాయి ధర 3 నాణేలు, ఒక్కో రాయిలో ఒక్క రూనే పడుతుంది. రాయిలోకి ఎక్కించడానికి ఆ పదోవంతు ఎలాగూ కట్టాలి, రాయి నుంచి ఆయుధానికి మార్చడం మాత్రమే ఉచితం. కత్తి వదిలించుకోవాలి, రూన్ పెట్టుకునే ఆయుధం ఇంకా దొరకలేదు అన్నప్పుడే రాయి. మీకు విల్లు సిద్ధంగానే ఉంది.

ఇంకో అపోహ: చెక్ ఘోరంగా పోతే రూనే మాయమైపోతుందని చాలామంది భయపడతారు. క్రిటికల్ ఫెయిల్యూర్‌లో పోయేది సామగ్రిలో పదోవంతు. మార్పిడి జరగదు, అంతే. కాకపోతే పెట్టకూడని చోట పెట్టబోతే పాచికతో పనిలేకుండానే క్రిటికల్ ఫెయిల్యూర్. ఘోస్ట్ టచ్ ఏ ఆయుధానికైనా సరే. షిఫ్టింగ్ (ఆయుధం రూపం మార్చే రూన్) లాంటివి చేతిపోరు ఆయుధాలకే, వాటిని విల్లుకి ఎక్కించలేరు.

మీ జీఎం (ఆట నడిపేవారు) ఆటోమేటిక్ బోనస్ ప్రోగ్రెషన్ (లెవెల్‌తో పాటే బోనస్‌లు వచ్చే ఐచ్ఛిక పద్ధతి) వాడుతున్నారేమో ముందే అడగండి. ఆ పద్ధతిలో పొటెన్సీ, స్ట్రైకింగ్ రూన్‌లే ఉండవు.

గీతలమేస్త్రి
డ్యామేజ్ లెక్కలో కూడా తప్పు చేస్తుంటారు. స్ట్రైకింగ్ పెంచేది ఆయుధం పాచికలనే: లాంగ్‌బో 1డీ8 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి) కాస్తా 2డీ8 అవుతుంది. తర్వాత ఎప్పుడైనా ఫ్లేమింగ్ (నిప్పు దెబ్బ కలిపే రూన్) ఎక్కిస్తే దాని 1డీ6 అలాగే ఉంటుంది. క్రిట్ (క్రిటికల్ హిట్) పడితే 2డీ8ని రెట్టింపు చేశాక లాంగ్‌బోకున్న డెడ్లీ గుణం ఇచ్చే డీ10 విడిగా కలపాలి, దాన్ని రెట్టించకూడదు. ఆ డెడ్లీ కూడా రెండు పాచికలయ్యేది గ్రేటర్ స్ట్రైకింగ్ వచ్చాకే.

పాచికలసంచి
థాంక్సండీ, విల్లు సంగతి తేలిపోయింది. మా రోగ్ రెండు బాకులు వాడుతుంది, రెండింటికీ వేరువేరుగా రూన్‌లు కొనాలా?

అర్ధరాత్రి_జీఎం
అక్కర్లేదు. డబ్లింగ్ రింగ్స్ జత 50 నాణేలు. బంగారు ఉంగరం చేతిలోని ఆయుధం మీది పొటెన్సీ, స్ట్రైకింగ్ ఇనుప ఉంగరం చేతిలోని ఆయుధానికీ వస్తాయి. ఘోస్ట్ టచ్ లాంటివి కూడా రావాలంటే గ్రేటర్ జత కావాలి, అది 11వ లెవెల్ వస్తువు. బాకు విసిరితే మాత్రం ఉంగరాల ఫలితం ఉండదు. ఆమె ఎక్కువగా విసిరే రకమైతే ఆ 50 దాచుకుని ఒక బాకుకే రిటర్నింగ్ (విసిరాక ఆయుధం చేతికి తిరిగొచ్చే రూన్) చెక్కించండి, 55 నాణేలు.