కాటన్ అనే ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం ఉందా?

లంకవాసి (ప్రశ్న)

కిందటి వారం పిల్లలను ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకువెళ్లినప్పుడు, మా అమ్మాయి పేరు పలక చదివి, "వీళ్ల తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవారా?" అని అడిగింది. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు కాబట్టి ఆ ఊహ సబబుగానే తోచింది కానీ, తెలియకుండా అవునని చెప్పడానికి మనసొప్పలేదు. ఈ ఇంటిపేరు ఎలా పుట్టిందో, ఆర్థర్ కాటన్ కాక ఆ పేరుతో ప్రసిద్ధులైన వారు ఇంకెవరో తెలిసినవారు చెప్పగలరు.

పదశోధకుడు

సంబంధం లేదండీ. పత్తి అనే అర్థంలోని కాటన్ అరబ్బీ "ఖుత్న్" నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన అరువు మాట. ఇంటిపేరులోని కాటన్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. గుడిసెను ఆ భాషలో "కాట్" అనేవారు. కాటేజ్‌లోనూ, పావురాల గూడును చెప్పే డవ్‌కోట్‌లోనూ ఉన్నది అదే. దాని బహువచనానికి విభక్తి చేరితే "కాటుమ్", అంటే "గుడిసెల దగ్గర" అని అర్థం. నాలుగు గుడిసెలున్న చోటును జనం అలాగే పిలవగా, కాలక్రమంలో చివరి "ఉమ్" అరిగి "అన్" అయింది. కేంబ్రిడ్జ్‌షైర్‌లో కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ అనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. న్యూటన్, మిల్టన్ వంటి పేర్లలోని "టన్" మాత్రం వేరు. అది ఊరు అనే అర్థమిచ్చే మరో మాట. దీన్ని వాటితో కలపకూడదు.

మన ఇంటిపేర్లతో పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు కొండవీడు, ఇంటిపేరు కొండవీటి. ఊరి పేరుకు ఔపవిభక్తికం చేరి, ఆ రూపమే ఇంటిపేరుగా నిలిచిపోయింది. కాటన్‌లోనూ విభక్తి అలాగే గడ్డకట్టుకుపోయింది, కాకపోతే అక్కడ అది ముందు ఊరి పేరులోకి చేరి, అక్కడి నుంచి మనుషుల పేరులోకి వచ్చింది. 13వ శతాబ్దపు నారిచ్ సన్యాసి, చరిత్రకారుడు బార్తలొమ్యూ డి కాటన్ పేరులోని "డి" అంటే "ఫలానా ఊరి" అనే. ఇన్ని ఊళ్ల నుంచి వచ్చిన పేరు కనుక కాటన్‌లందరూ ఒకే వంశం వారనుకోవడం పొరపాటు.

పాతప్రతి

ఆ పేరు గలవారిలో నా దృష్టిలో ముందు చెప్పవలసినది సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571–1631) పేరు. ఆయన సేకరించిన రాతప్రతులు లేకపోతే పాత ఇంగ్లీషు సాహిత్యంలో చాలా భాగం మనకు దక్కేది కాదు. ఆయన గ్రంథాలయంలో బీరువాల మీద రోమన్ చక్రవర్తుల అర్ధవిగ్రహాలు ఉండేవి. "బేవుల్ఫ్" కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతిని నేటికీ "కాటన్ విటెలియస్ ఎ 15" అనే పిలుస్తారు, అంటే విటెలియస్ బొమ్మ ఉన్న బీరువాలో మొదటి అరలో పదిహేనవ పుస్తకం అన్నమాట. 1731లో ఆ గ్రంథాలయం ఉన్న ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో అగ్నిప్రమాదం జరిగినప్పుడు దాని అంచులు మాడిపోయాయి గానీ కావ్యం బతికింది. ఆ సేకరణ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అమెరికాకు వలసవెళ్లిన ప్యూరిటన్ బోధకుడు జాన్ కాటన్ మనవడికి తాతగారి ఇంటిపేరునే పేరుగా పెట్టారు. అతడే బోధకుడిగా, రచయితగా పేరొందిన కాటన్ మేథర్. గోల్ఫ్‌లో హెన్రీ కాటన్ 1934, 1937, 1948 సంవత్సరాలలో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

లంకవాసి

కృతజ్ఞతలు. అయితే మన కాటన్ దొర ఏ కాటన్‌లలోని వారు? గౌహతిలోని కాటన్ విశ్వవిద్యాలయం కూడా ఆయన పేరు మీదదేనా?

పదశోధకుడు

కాదండీ, చాలామంది అలాగే పొరబడతారు. అది 1901లో కాలేజీగా మొదలైనప్పుడు అస్సాం చీఫ్ కమిషనర్‌గా ఉన్న సర్ హెన్రీ కాటన్ పేరు మీద వెలిసింది. ఆయన 1904లో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు.

మన ఆర్థర్ కాటన్ (1803–1899) చెషైర్‌లోని కాంబర్‌మేర్ ఆబీ (క్రైస్తవ మఠం) కాటన్‌ల శాఖకు చెందినవారు. ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసిన కాలంలో ఆ ఆబీ జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న లార్డ్ కాంబర్‌మేర్ అసలు పేరు స్టేపుల్టన్ కాటన్. ఆయన, ఆర్థర్ కాటన్ అన్నదమ్ముల బిడ్డలు. ఆర్థర్ తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్‌ది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్. ఆ ఊరి పేరుకు అర్థం అడవిలోని గుడిసె! ఇంటిపేరులోనూ గుడిసే, ఊరి పేరులోనూ గుడిసే.

గౌతమి

ఒక్క మాట చేరుస్తాను. 1852లో ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరందిన తరువాత గోదావరి పండితులు ఆయనను తలచుకుంటూ చదివిన శ్లోకం మా ప్రాంతంలో ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో "కాటనుం తం భగీరథం" అని ఉంటుంది. పాత ఇంగ్లీషు విభక్తి ఇంకా లోపల ఉన్న పేరుకే మనవాళ్లు సంస్కృత ద్వితీయా విభక్తిని తగిలించారన్నమాట. మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.