బెర్లిన్-లీగా: రాజధాని నగరంలో ఆరో అంచె ఫుట్‌బాల్ దేని మీద నడుస్తోంది?

ప్రశ్న: నాయ్‌కోల్న్ వాసి

అందరికీ నమస్కారం. మా కుటుంబం రెండేళ్లుగా బెర్లిన్‌లో, నాయ్‌కోల్న్ ప్రాంతంలో ఉంటోంది. పోయిన ఆదివారం మా పదేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని ఇంటికి దగ్గరలోని మైదానంలో బెర్లిన్-లీగా మ్యాచ్ చూడటానికి వెళ్లాను. గేటు దగ్గర ఒక పెద్దాయన మడత బల్ల వేసుకుని కూర్చుని, రేకు డబ్బాలో చిల్లర వేసుకుంటూ టికెట్లు చింపి ఇస్తున్నారు. లోపల మహా అయితే నూట యాభై మంది ఉంటారు. ఆటకూ మాకూ మధ్య నడుమెత్తు ఇనుప కమ్మీ ఒక్కటే అడ్డు కాబట్టి గోల్‌కీపర్ కేకలు, బూటుకు బంతి తగిలిన చప్పుడు, కింద పడ్డ ఆటగాడి మూలుగు అన్నీ పక్కనే జరుగుతున్నట్టు వినిపించాయి. కమ్మీ దాటి వచ్చిన బంతిని మా వాడు అందుకుని తిరిగి విసిరితే, త్రో వేయబోతున్న ఆటగాడు వాడికి "డాంకె" (థాంక్యూ) అని చెప్పి మరీ బంతి విసిరాడు. ఇంటికి చేరేదాకా వాడు ఆ మాటే చెప్పుకున్నాడు.

నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. మా మేనమామ హైదరాబాద్ లీగ్‌లో కింది డివిజన్ జట్టుకు ఆడేవారు. ఆయన ఆట చూడటానికి సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్లిన రోజులు ఈ మ్యాచ్‌తో గుర్తుకొచ్చాయి, అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను. హెర్తా, యూనియన్ వంటి పెద్ద క్లబ్బులున్న నగరంలో ఈ లీగ్ ఎవరి కోసం నడుస్తోంది? ఇందులో మొదటి స్థానంలో నిలిచిన జట్టు ఎక్కడికి వెళుతుంది? ఇంకొక సంగతి. మా అబ్బాయి పేరు ఒక క్లబ్బు వెయిటింగ్ లిస్టులో చేర్చి ఏడు నెలలైంది. అక్కడివారు మర్యాదగానే మాట్లాడుతున్నారు గానీ చోటు లేదంటున్నారు. కళ్ల ముందు అంత మైదానం కనిపిస్తూ ఉంటే చోటు లేకపోవడం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

సమాధానం 1: పద్నాలుగేళ్లుగా బెర్లిన్‌లో

నమస్కారం అండి. మీ మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను.

పైనుంచి లెక్కపెడితే బెర్లిన్-లీగా ఆరోది. బుండెస్‌లీగా, రెండో బుండెస్‌లీగా, మూడో లీగా దేశమంతటికీ ఒక్కొక్కటే ఉంటాయి. నాలుగోదైన రెగియోనాల్‌లీగాను దేశాన్ని ఐదు భాగాలు చేసి నడుపుతారు, అందులో మనది ఈశాన్య భాగం. ఐదోది ఒబర్‌లీగా, అందులో బెర్లిన్-లీగా విజేతకు దక్కేది ఉత్తర విభాగం. బెర్లిన్-లీగా మొదలుకుని కిందికి ఉన్నదంతా బెర్లిన్ ఫుట్‌బాల్ సంఘం నడిపే నగరపు సొంత వ్యవహారం. దీని కింద లాండెస్‌లీగా రెండు విభాగాలుగా, బెత్సిర్క్స్‌లీగా మూడు విభాగాలుగా ఉంటాయి, ఆ తర్వాత క్రైస్‌లీగాలు వస్తాయి. సాధారణంగా 18 జట్లు ఉంటాయి కాబట్టి ప్రతి జట్టూ 34 మ్యాచ్‌లు ఆడుతుంది. 2008లో మూడో లీగా కొత్తగా పుట్టడంతో అంతవరకూ ఐదో అంచెగా ఉన్న ఈ లీగ్ ఆరోదైంది.

అయితే ఈ అంచెల లెక్క ఒక్కటే చూస్తే నగరపు లీగ్ విలువ తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, బుండెస్‌లీగా 1963లో మొదలయ్యే వరకు బెర్లిన్‌లో (1950 తర్వాత పశ్చిమ బెర్లిన్‌లో) ఆడే అత్యున్నత లీగ్ నగరం లోపలిదే. దానిలో ముందు నిలిచిన జట్లే జర్మన్ ఛాంపియన్‌షిప్ పోటీలకు వెళ్లేవి. 1950లో నగర లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన, తూర్పు బెర్లిన్‌కు చెందిన యూనియన్ ఒబర్‌షోనెవైడె జట్టును ఆ పోటీలకు వెళ్లనివ్వకుండా తూర్పు బెర్లిన్ అధికారులు అడ్డుకున్నారు. అయినా ఆటగాళ్లు కీల్ నగరానికి చేరుకుని హాంబర్గ్ చేతిలో 0-7తో ఓడిపోయారు. ఆ తర్వాత వారిలో చాలామంది పశ్చిమ బెర్లిన్‌లోనే ఉండిపోయి ఎస్‌సీ యూనియన్ 06 అనే క్లబ్బు పెట్టుకున్నారు. 2023లో యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఆడిన యూనియన్ బెర్లిన్ క్లబ్బూ, మోఆబిట్‌లోని పోస్ట్‌స్టేడియంలో నగరపు కింది లీగ్‌లు ఆడుకునే యూనియన్ 06 క్లబ్బూ ఒకే వేరు నుంచి వచ్చినవంటే కొత్తగా వచ్చిన వారెవరూ వెంటనే నమ్మరు.

మీరుండే నాయ్‌కోల్న్ క్లబ్బు టాస్మానియా కథ కూడా తప్పక తెలుసుకోవాలి. 1965లో ఆటగాళ్లకు నియమాలకు విరుద్ధంగా డబ్బు చెల్లించినందుకు హెర్తాను బుండెస్‌లీగా నుంచి తొలగించారు. నగరం రెండు ముక్కలైన ఆ రోజుల్లో అగ్రశ్రేణి లీగ్‌లో పశ్చిమ బెర్లిన్ జట్టు లేకపోవడం రాజకీయంగా కుదరదనుకున్నారు. నగర లీగ్ విజేత టెన్నిస్ బొరూసియా అప్పటికే అర్హత పోటీల్లో ఓడిపోయింది, రెండో స్థానంలోని స్పాండావర్ ఎస్‌వీ రానంది, దాంతో మూడో స్థానంలోని టాస్మానియాను సీజన్ మొదలవడానికి దాదాపు రెండు వారాల ముందు పిలిచి పైకి పంపారు. ఆగస్టు 14న ఒలింపిక్ స్టేడియంలో 81 వేల మందికి పైగా చూస్తుండగా కార్ల్స్‌రూహెను 2-0తో ఓడించారు. ఆ తర్వాత వరుసగా 31 మ్యాచ్‌లలో గెలుపన్నదే లేదు. 15 గోల్స్ చేసి 108 గోల్స్ ఇచ్చారు. 1966 జనవరిలో గ్లాడ్‌బాఖ్‌తో ఆడిన మ్యాచ్‌కు వచ్చిన ప్రేక్షకులు 827 మంది. పాత క్లబ్బు 1973లో దివాలా తీసింది, దాని వారసులు అదే ఏడాది కొత్త సంఘం పెట్టుకుని నగరపు కింది లీగ్‌ల నుంచి మళ్లీ ఎక్కుతూ వచ్చారు. రియల్ మాడ్రిడ్ డిఫెండర్ ఆంటోనియో రూడిగర్ చిన్నతనంలో మూడేళ్లు ఈ టాస్మానియా పిల్లల జట్లలోనే ఆడారు. ఈ లీగ్ ఎవరి కోసమని అడిగారు కదా. నా లెక్కలో ఇది ముందుగా ఆ పేటల పిల్లల కోసం, ఆ తర్వాతే పాయింట్ల పట్టిక కోసం.

సమాధానం 2: క్లబ్బు కమిటీ సభ్యుడు

పై మిత్రులు చరిత్ర చక్కగా చెప్పారు. నేను మైదానం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ అబ్బాయి వెయిటింగ్ లిస్టుకు కారణం అక్కడే ఉంది. నేను ఆరేళ్లుగా ఒక చిన్న క్లబ్బులో పిల్లల విభాగం పనులు చూస్తున్నాను.

బెర్లిన్‌లో మైదానాలు చాలావరకు ప్రభుత్వానివి. లాభాపేక్ష లేని క్లబ్బుల నుంచి అద్దె తీసుకోరు. ఇది చాలా గొప్ప విషయం, ఈ లీగ్‌లు బతికి ఉండటానికి మొదటి కారణం కూడా ఇదే. అయితే ఏ క్లబ్బుకు ఏ రోజు ఎన్ని గంటలో ఆ పేట పాలనా కార్యాలయం పంచుతుంది. ఒకే మైదానాన్ని రెండు మూడు క్లబ్బులు పంచుకోవడం మామూలే. మంగళవారం సాయంత్రం ఐదున్నరకు మా దగ్గరికి వస్తే ఒక్క టర్ఫ్ మీద నాలుగు జట్లు కనిపిస్తాయి. మైదానాన్ని ఆరెంజ్ రంగు కోన్‌లతో నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో పదిహేను మంది పిల్లలకు శిక్షణ ఇస్తాము. ఒక ముక్కలోని బంతి పక్క ముక్కలోకి వెళ్లని నిమిషం ఉండదు. ఆదివారం మీరు చూసిన ఖాళీ మైదానం వారంలో మిగతా రోజుల్లో ఇలా ఉంటుంది. దీనికి తోడు కోచ్‌లు కావాలి. మా కోచ్‌లలో చాలామంది ఉద్యోగం నుంచి నేరుగా వచ్చే తల్లిదండ్రులే, వారికి దక్కేది ప్రయాణ ఖర్చుకు సరిపోయే చిన్న మొత్తం మాత్రమే. కొత్తగా పదిహేను మంది పిల్లలు వచ్చారంటే ఒక కోచ్, ఒక గంట, ఒక బట్టలు మార్చుకునే గది దొరకాలి. ఈ మూడింటిలో ఏది దొరక్కపోయినా ఆ పిల్లల పేర్లు లిస్టులోనే ఉండిపోతాయి.

అందుకని నా సలహా ఏమిటంటే, ఈమెయిల్ పంపి ఎదురుచూడటం మానేసి శిక్షణ రోజున నేరుగా మైదానానికి వెళ్లండి. ఆ వయసు జట్టు కోచ్‌ను కలిసి, ఒక రోజు పరీక్షగా ఆడనిస్తారా అని అడగండి, నేను కూడా సాయం చేస్తానని చెప్పండి. సాయం చేసే తండ్రి దొరికితే ఏ క్లబ్బూ వదులుకోదు. మ్యాచ్‌లు ఆడటానికి కావలసిన ఆటగాడి పాస్ కోసం పాస్‌పోర్టు, నివాస నమోదు పత్రం నకళ్లు సిద్ధంగా ఉంచుకోండి. మీ అబ్బాయిలా పదేళ్లు నిండి, వేరే దేశం నుంచి వచ్చిన పిల్లల విషయంలో అక్కడ ఏ క్లబ్బులోనైనా నమోదై ఉన్నారా అని అడుగుతారు. ఈ కాగితాలకు సమయం పడుతుంది, అంతవరకు శిక్షణకు మాత్రం రావచ్చు.

ఇంకొక మాట. విజేత పైకి వెళుతుందని పై మిత్రులు చెప్పినది నిజమే గానీ, అది ప్రతి క్లబ్బుకూ వరం కాదు. బెర్లిన్-లీగాలో ప్రత్యర్థి మైదానానికి మెట్రోలోనో ట్రామ్‌లోనో వెళ్లి వస్తారు. ఒబర్‌లీగాకు ఎక్కితే బస్సు మాట్లాడుకుని బాల్టిక్ తీరం దాకా వెళ్లవలసి వస్తుంది. క్రాయిట్స్‌బెర్గ్‌లో టర్కీ నుంచి వచ్చినవారు 1978లో పెట్టుకున్న తుర్కియెంస్పోర్ ఒకప్పుడు రెండో బుండెస్‌లీగా గుమ్మం దాకా వెళ్లింది, నగర క్లబ్బుల పోటీ అయిన బెర్లిన్ కప్పును మూడుసార్లు గెలిచింది, చివరికి 2011లో దివాలా తీసి కింది నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. పెద్ద డబ్బు వచ్చే దారి ఒక్కటే ఉంది. బెర్లిన్ కప్పు గెలిస్తే దేశమంతటి క్లబ్బులు ఆడే జర్మన్ కప్పు మొదటి రౌండ్‌లో చోటు దొరుకుతుంది, దానితో సుమారు రెండు లక్షల యూరోలు వస్తాయి. ఆ కప్పును బెర్లిన్-లీగా జట్టు గెలవడం చాలా అరుదు.

సమాధానం 3: రిఫరీగా పనిచేస్తున్నాను

మైదానం, కోచ్ అన్నారు, రిఫరీని మరచిపోయారు. నేను బెర్లిన్‌లో చదువుకుంటూ రిఫరీ శిక్షణ పూర్తిచేసి, కింది లీగ్‌ల్లోనూ పిల్లల మ్యాచ్‌ల్లోనూ విజిల్ వేస్తున్నాను. ప్రతి క్లబ్బూ తన జట్ల సంఖ్యను బట్టి ఇంతమంది రిఫరీలను ఇవ్వాలన్న నియమం ఉంది, ఇవ్వకపోతే జరిమానా కట్టాలి.

2019 అక్టోబరు చివరి వారాంతంలో బెర్లిన్ రిఫరీలు విజిల్ వేయడానికి నిరాకరించారు. తమపై జరుగుతున్న దాడులకు, బెదిరింపులకు నిరసనగా బెర్లిన్-లీగా మొదలుకుని కింది అంచెల దాకా ఆట ఆగిపోయింది. వెయ్యికి పైగా మ్యాచ్‌లు రద్దయ్యాయి. ఆ వారాంతం ఖాళీ మైదానాలను చూసినవారికి ఈ లీగ్ దేని మీద నిలబడి ఉందో ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

నాకు కూడా ఒక చేదు అనుభవం ఉంది. పన్నెండేళ్ల పిల్లల మ్యాచ్‌లో పెనాల్టీ ఇచ్చినందుకు ఒక తండ్రి కమ్మీ దాటి నా ముఖానికి ముఖం పెట్టి అరిచాడు. అప్పుడు రెండు జట్ల పిల్లలూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. వాళ్ల కెప్టెన్, చేతికి కట్టిన పట్టీ మోచేతి దాకా జారిపోతున్న చిన్న కుర్రాడు, ఆ తండ్రిని వెనక్కి వెళ్లమని కోరాడు. నేను మర్నాడు రాజీనామా రాద్దామనుకుని రాయలేదు. మీరు కమ్మీ బయట నిలబడినప్పుడు రిఫరీ తప్పు చేసినా దయచేసి కేకలు వేయకండి. మీకు వీలుంటే రిఫరీ శిక్షణకు రండి, పెద్దవాళ్ల అవసరం చాలా ఉంది.

సమాధానం 4: సికింద్రాబాద్ నుంచి

మీ మేనమామ గారి ప్రస్తావన చూసి రాస్తున్నాను. హైదరాబాద్ లీగ్‌కు సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు ఉంది. బడిపంతులుగా పనిచేసిన ఆయన శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది, భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు ఈ వీధుల్లో ఆడి దేశం జట్టుకు వెళ్లారు. మరి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద క్లబ్బు చేతులు మారితే ఊరు వదిలి వెళ్లిపోవచ్చు, పేట జట్టుకు ఆ పేట తప్ప వేరే చోటు లేదు. బెర్లిన్‌లో మైదానానికి అద్దె లేదన్న మాట చదివి చాలాసేపు ఆలోచించాను. మా దగ్గర ఇప్పుడు సాయంత్రం పిల్లలు ఆడాలంటే గంటకు ఇంతని టర్ఫ్ వాళ్లకు కట్టాలి. మా పేటలో నేను ఆడిన ఖాళీ జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది.

నాయ్‌కోల్న్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. కమిటీ సభ్యులు గారు చెప్పినట్టే మంగళవారం సాయంత్రం నేరుగా మైదానానికి వెళ్లాను. వారు రాసిన ఆరెంజ్ కోన్‌లు, నాలుగు ముక్కలు కళ్లారా చూశాను. కోచ్ ఒక మహిళ, పగలు నర్సుగా పనిచేస్తారట. సాయం చేస్తానని చెప్పగానే ఆవిడ గాలి పంపు, తొమ్మిది బంతులున్న వల సంచి నా చేతికిచ్చారు. మా వాడికి చొక్కా మీద వేసుకునే పసుపు బిబ్ తొడిగించి మూడో ముక్కలోకి పంపారు. నలభై నిమిషాలు ఆడాడు, ఒక్క పాస్ కూడా సరిగా ఇవ్వలేదు, గురువారం మళ్లీ రమ్మన్నారు. వెయిటింగ్ లిస్టులో వాడి పేరు ఇంకా పదకొండో స్థానంలోనే ఉందని ఆవిడ దాచకుండా చెప్పారు. జనవరిలో ఇంకొక గంట దొరికితే, నేను రెండో కోచ్‌గా నిలబడితే, కొత్త జట్టు కట్టవచ్చునన్నారు. నేను ఒప్పుకున్నాను.

రిఫరీ మిత్రులకు ఒక ప్రశ్న: ఆ శిక్షణ జర్మన్ భాషలో మాత్రమే ఉంటుందా? నాకు జర్మన్ బీ-ఒకటి (మధ్యస్థ) స్థాయి వరకే వచ్చు, పరీక్ష రాయడానికి అది సరిపోతుందా?